పింఛను నోచని పతాకశిల్పి

కృష్ణాజిల్లా పాత పటాన్ని విప్పి చూచినవారికి రెండు కొసలు ప్రస్ఫుటంగా కనుపిస్తవి. ఉత్తరపు కొసన తిరువూరు. అక్కడివి మెట్టచేలు, మామిడితోటలు; పొలిమేర దాటగానే ఒకప్పుడు నిజాము రాజ్యం. దక్షిణపు కొసన దివిసీమ. అక్కడివి కాలువలు, వరిమళ్ళు, వాటికావల సముద్రం. ఈ రెండు గాక మూడవ తునక ఒకటి ఉండేది. చుట్టును నిజాము గ్రామాలుండగా నడుమ దీవివలె నిలచి, కృష్ణాజిల్లాకే కప్పము కట్టిన మునగాల పరగణా అది. దివిసీమ వైపున పుట్టి పెరిగి, మునగాలలో కృషి చేసి, తిరువూరు బాట మైలవరం, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చి బెజవాడలో ప్రవేశించే పడమటి దిక్కున, చిట్టినగరులో కడపటి దినాలు గడపిన పురుషుడు పింగళి వెంకయ్యగారు.

ఆ పేరెరుగని విద్యార్థి ఆంధ్రదేశంలో లేడు. తిరువూరు పాఠశాలల్లో ఆగస్టు 15వ తేదీన పిల్లలు బారులు తీరి వందనం చేసే త్రివర్ణపతాకానికి మూలరూపం కల్పించినవారు ఆయనే. అవే పాఠశాలల్లో డిసెంబరు 7వ తేదీన మరొక చిన్న జెండా కనుపిస్తుంది. ఎరుపు, ముదురునీలం, లేతనీలం అనే మూడు రంగుల కాగితపు జెండా అది. పిల్లలు హుండీలో డబ్బు వేసి దానిని చొక్కాకు గుచ్చుకొంటారు. 1949 నుండి సాయుధదళాల పతాకదినం పేర జరుగుతున్న ఈ వసూలు మాజీ సైనికుల కోసమూ, యుద్ధాలలో అవయవాలు కోల్పోయినవారి కోసమూ, మరణించినవారి భార్యాబిడ్డల కోసమూ. మొదటి జెండాను తీర్చినవాడు తన ముసలితనంలో ఈ రెండవ జెండా నీడకు చేరవలసిన పాతసైనికుడు. వెంకయ్యగారి జీవితచరిత్రలలో ఈ సంగతి సాధారణంగా ఒక్క వాక్యంతో ముగుస్తుంది. అది అంతకంటె విస్తరించి చెప్పవలసిన సంగతి.

వెంకయ్యగారి జన్మస్థలం బందరుకు చేరువనున్న భట్లపెనుమర్రు. తండ్రి హనుమంతరాయుడు, తల్లి వెంకటరత్నమ్మ. జన్మదినం ఆగస్టు 2 అనుటలో భేదం లేదు గాని, సంవత్సరం మాత్రం కొన్ని గ్రంథాలలో 1876 అనియు, కొన్నింట 1878 అనియు కనుపిస్తుంది. సామాన్యులకిది చిన్న తేడా. పింఛను కచేరీలో మాత్రం ఇటువంటి తేడా ఒక్కటి చాలు, దరఖాస్తు తిరిగి వచ్చుటకు. ఆయన చల్లపల్లిలోను, బందరు హిందూ ఉన్నత పాఠశాలలోను చదివినారు. ఆ కాలపు బ్రాహ్మణకుటుంబాల బాలురు గుమాస్తాగిరికో, ప్లీడరీకో పోయేవారు. ఈయనకు అవి రుచించలేదు. యౌవనారంభంలోనే సైన్యంలో చేరినారు. దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధం నడుస్తున్నది. ఓడనెక్కి అక్కడికి వెళ్ళినారు.

ఆ యుద్ధం 1899 అక్టోబరులో మొదలై 1902 మే నెలతో ముగిసినది. డచ్చి సంతతివారైన బోయర్లకును, ఇంగ్లీషువారికిని నడుమ సంగ్రామం. తెల్లవారిపై నల్లవారిచేత తుపాకి ఎత్తించరాదని ఇంగ్లీషువారి నియమం. అందుచేత భారతదేశంనుండి వెళ్ళినవారిలో అత్యధికులకు గుఱ్ఱాల పోషణ, సామగ్రి చేరవేత, క్షతగాత్రుల మోత వంటి పనులు దక్కినవి. ప్రాణభయం అందరికీ సమానమే; ఘనత మాత్రం పంచుకొనుటకు వీలులేనిది. అక్కడనే స్థిరపడిన మోహన్‌దాస్ గాంధీ అనే యువ బారిష్టరు సుమారు 1,100 మంది భారతీయులను కూర్చుకొని గాయపడినవారిని మోసే దళాన్ని నడిపినారు. కొలెన్సో, స్పియాన్‌కాప్ పోరులలో ఆ దళం పనిచేసినది. దాని నాయకులకు పతకాలు వచ్చినవి. పని తీరగానే దళాన్ని రద్దుచేసినారు. పతకం వేరు, పింఛను వేరు అను సత్యం ఆనాటిది.

ఆ దేశంలోనే వెంకయ్యగారికి గాంధీగారితో పరిచయం కలిగినది. యుద్ధకాలంలో దినదినమూ బ్రిటిషు జెండాకు వందనం చేయవలసివచ్చుట ఆయన మనస్సులో ముల్లువలె నాటినదని చరిత్రకారులు వ్రాసినారు. ఆయుధం పట్టించిన ప్రభువు జెండా తనది కాదు, తనదనదగిన జెండా లేదు. తరువాతి జీవితమంతటికీ ఇక్కడనే బీజం పడినది.

యుద్ధం ముగిసినది. సైనికుడు ఇంటికి వచ్చినాడు. ఇట్లు కొద్ది సంవత్సరాలు మాత్రమే సేవచేసి వచ్చిన సిపాయికి ఆ కాలంలో నెలసరి పింఛను ఉండేది కాదు. దీర్ఘకాలం కొలువు చేసినవానికి, లేదా యుద్ధంలో గాయపడి పనికిరానివాడైనవానికి మాత్రమే ఆ భాగ్యం. క్షేమంగా తిరిగివచ్చుటయే ఒక విధంగా అనర్హత!

వచ్చిన పిమ్మట వెంకయ్యగారు చేసిన పనుల జాబితా చదివితే ఒక్క మనిషి ఇన్ని చేయగలడా అనిపిస్తుంది. రైల్వేలో గార్డుగా పనిచేసినారు. బళ్ళారి ప్రాంతంలో ప్లేగు తనిఖీ ఉద్యోగం చేసినారు. దానినీ వదలి లాహోరు వెళ్ళి ఆంగ్లో వేదిక కళాశాలలో ఉర్దూ, జపాను భాషలు నేర్చినారు. 1913లో బాపట్లలో జపాను భాషలో ఉపన్యసించి జనాన్ని విస్మయపరచినారు. నాటినుండి ఆయన జపాను వెంకయ్య. కంబోడియా ప్రత్తిమీద పరిశోధన చేయుటచే పత్తి వెంకయ్య. వజ్రాలమీద, రాళ్ళమీద ఆసక్తి పెంచుకొనుటచే డైమండు వెంకయ్య. లోకం ప్రేమతో బిరుదులిచ్చినది. కాని పింఛను కావలసినవాడు ఒక్క కుర్చీలో ముప్పదేండ్లు కదలక కూర్చుండవలెను. కుర్చీ మార్చినప్పుడెల్ల లెక్క మొదటినుండి ప్రారంభం. జ్ఞానతృష్ణ గలవానికి ప్రభుత్వపు ఖాతాలో ఎప్పుడూ జమ తక్కువే.

మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారు ఆయనను ఆదరించి నడిగూడెంలో ఉంచినారు. ప్రత్తి సాగుతోపాటు జెండాలను గురించిన శోధన అక్కడ సాగినది. ఏ జాతికి ఏ జెండా, ఏ రంగుకు ఏ అర్థం, గుడ్డ కొలతలేమి అని ఆయన దేశదేశాల పతాకాల వివరాలు సేకరించినారు. 1916లో భారతదేశానికొక జాతీయపతాకం కావలెనని ప్రతిపాదిస్తూ ఇంగ్లీషులో ఒక చిన్న గ్రంథం ప్రకటించినారు. అందులో ముప్పదివరకు నమూనాలు కలవు. పిమ్మట బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో అధ్యాపకులైనారు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు మొదలైనవారి కృషితో వెలసిన ఆ విద్యాలయంలో చదువు ఎంతో, చేతిపని అంత. వెంకయ్యగారు అక్కడ వ్యవసాయం బోధించినారు, విద్యార్థులకు సైనికశిక్షణ కూడ ఇచ్చినారు. ఇంగ్లీషువారి సైన్యంలో నేర్చిన కవాతు ఇంగ్లీషువారిని పంపదలచిన పిల్లలకు ఉపయోగపడినది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలో సమావేశమైనది. ఊరంతా జనసముద్రం. గాంధీగారు వెంకయ్యగారిని పిలిచి జెండా నమూనా ఒకటి ఇమ్మని కోరినారు. ఎఱుపు, ఆకుపచ్చ రంగులుండవలెను. నడుమ రాట్నం ఉండవలెను. జెండాపై రాట్నముండవలెనను సూచన జలంధరుకు చెందిన లాలా హంసరాజుగారిది. జాతీయ కళాశాలలోని చిత్రలేఖనాచార్యులు ఈరంకి వెంకటశాస్త్రిగారి సాయంతో వెంకయ్యగారు మూడు గంటలలో నమూనా తయారుచేసి అందించినారు. ఎఱుపు హిందువులకు, ఆకుపచ్చ మహమ్మదీయులకు గుర్తు. దేశంలో తక్కిన మతాలవారు లేరా అన్న ఆలోచన గాంధీగారికి వెంటనే కలిగి, తెలుపుకూడ చేర్చవలెనని నిర్ణయించినారు. ఆ నెలలోనే, ఏప్రిల్ 13వ తేదీ యంగ్ ఇండియా పత్రికలో గాంధీగారు జాతీయపతాకాన్ని గురించి వ్యాసం వ్రాసి, బందరు జాతీయ కళాశాల వెంకయ్యగారి గ్రంథాన్ని, పట్టుదలను పేరెత్తి ప్రశంసించినారు. ఆయన సేవకు లభించిన తిరుగులేని ప్రమాణపత్రం ఏదైన ఉన్నదంటే అది ఇదే. కాని దానిని జతపరచి పంపదగిన దరఖాస్తు ఫారము ఆనాడు ఏ ప్రభుత్వమూ అచ్చువేయలేదు.

1931లో కాంగ్రెసు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరుసను అంగీకరించి, రంగులకు మతార్థాలు తొలగించినది. 1947 జులై 22న రాజ్యాంగసభ రాట్నానికి బదులు అశోకుని ధర్మచక్రం నిలిపినది. నేటి పతాకంలోని ప్రతి రేఖా వెంకయ్యగారిదే అనుట అతిశయోక్తి అవుతుంది. ఒక జాతి జెండాను అనేకుల ఆలోచన తీర్చుతుంది. అయినను, ఎవరూ అడుగకమునుపే ఏండ్లతరబడి ఆ ఒక్క గుడ్డను గురించి తపించినవాడు ఆయన.

అటుపిమ్మట వెంకయ్యగారు నెల్లూరు అభ్రకపు గనుల ప్రాంతానికి చేరి చాలకాలం ఖనిజపరిశోధనలో గడపినారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ప్రభుత్వ ఖనిజశాఖలో సలహాదారు పని లభించినది. వృద్ధాప్యంలో దొరకిన ఆ కొలువు వెంట విశ్రాంతివేతనం రాలేదు. తుదకు బెజవాడ చిట్టినగరులో, సైనికసేవకు గుర్తింపుగా లభించిన స్థలంలో గుడిసె వేసుకొని నివసించినారని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుచున్నారు. పూట గడచుట కష్టమైనది. యౌవనంలోని సైనికోద్యోగం ఆయనకు మిగిల్చినది ఆ కాస్త నేలయే.

అట్టివానికి పింఛను ఎందుకు రాలేదు? ఇక్కడ భావావేశం కంటె నిబంధనలు చూచుట మేలు. సైన్యపు పింఛను నిబంధనలు ఆయన బ్రతికియుండగానే, 1961లో, ఒక గ్రంథంగా క్రోడీకరింపబడినవి. సిపాయి మొదలు సుబేదారు మేజరువరకు గలవారికి సేవాపింఛను రావలెనన్న కనీసం 15 సంవత్సరాల యోగ్యమైన సేవ ఉండవలెను. క్రియాశీల సేవను, రిజర్వుసేవను కలిపి 15 ఏండ్లు నిండినవారికి రిజర్విస్టు పింఛను. ఒక యుద్ధానికి వెళ్ళి వచ్చినవాడు ఈ గడప దాటలేడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసేనాటికి భారతసైన్యంలో 25 లక్షలకు పైబడి జనమున్నారు. యుద్ధం తీరగానే వారిలో లక్షలమందిని ఇండ్లకు పంపివేసినారు. నాలుగైదేండ్ల సేవకు పింఛను లేదు. అందుచేతనే చాల కాలానికి రాష్ట్రప్రభుత్వాలు ఆ యుద్ధపు ముసలి సిపాయిలకు, వారి వితంతువులకు నెలవారీ సాయం విడిగా ఏర్పాటు చేయవలసివచ్చినది. నేటి యువకులకును ఇది పాతకథ కాదు. 2022లో వచ్చిన అగ్నిపథ్ పద్ధతిలో చేరిన అగ్నివీరుల సేవ నాలుగేండ్లు. అది ముగిసినప్పుడు సేవానిధి పేర సుమారు 11.71 లక్షల రూపాయలు ఒక్కసారిగా ఇస్తారు, పింఛను ఉండదు. నూటికి ఇరువదియైదుగురికి మించకుండ స్థిరసైన్యంలోనికి తీసుకొంటారు. తిరువూరు మైదానంలో తెల్లవారుజామున పరుగుతీసే కుఱ్ఱవానికి ఉపాధ్యాయుడు ఈ లెక్క ముందుగా చెప్పుట అవసరం.

రెండవ ద్వారం అంగవైకల్యపు పింఛను. దీనికి సేవాకాలపు నియమం అంత కఠినం కాదు. వైకల్యం సైనికసేవవలన కలిగినదిగానో, సేవవలన పెచ్చుపెరిగినదిగానో ఉండవలెను. వైద్యమండలి దానిని నూటికి 20 పాళ్ళు, అంతకు మించి, అని అంచనా కట్టవలెను. తుపాకిదెబ్బకు సాక్ష్యం తేలిక. మంచుకొండలమీద వచ్చిన గుండెజబ్బుకు, నిద్రలేని కాపలావలన వచ్చిన రక్తపుపోటుకు సాక్ష్యమేది? ఈ చిక్కుతో వేలాది దరఖాస్తులు తిరస్కరింపబడినవి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ వ్యాజ్యంలో సుప్రీముకోర్టు దారి చూపినది. చేరినప్పుడు వైద్యులు ఏ జబ్బూ నమోదు చేయకుంటే, తరువాత కలిగిన జబ్బు సేవవలన వచ్చినదనియే ఊహించవలెను. కాదని నిరూపించే భారం ప్రభుత్వానిది. 2007 నాటి చట్టంతో ఏర్పడిన సాయుధదళాల ట్రిబ్యునలు ఇటువంటి తగవులను విచారిస్తున్నది.

మూడవ ద్వారం స్వాతంత్ర్యయోధుల పింఛను. ఇది 1972 ఆగస్టు 15న, స్వాతంత్ర్యానికి పాతికేండ్లు నిండినప్పుడు తెరచుకొన్నది. అప్పటికి వెంకయ్యగారు గతించి తొమ్మిదేండ్లు. ఉండి ఉన్నను ఏమయ్యేదో చెప్పుట కష్టం. ఆరు నెలల చెరసాల, అజ్ఞాతవాసం, ఆస్తి జప్తు మొదలైనవి అక్కడ ప్రధానమైన అర్హతలు. ఇంగ్లీషువారు జీతం ఎగవేసి తరిమిన ఆజాద్ హింద్ ఫౌజు సైనికులను కూడ ఆ పథకం ఆదరించినది. అది మెచ్చదగిన పని. జాతీయపతాకాన్ని రూపొందించుట అనే అర్హత మాత్రం ఆ పట్టికలో లేదు. ఎవరి ఊహకు తట్టినది గనుక?

ఇక వెనుక మిగిలినవారి మాట. కేంద్రప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు కుటుంబపింఛను పథకం అమలులోనికి వచ్చినది 1964 జనవరి 1న. నేడు సైనికుల విషయంలో మూడు మెట్లున్నవి. సాధారణ మరణమైతే చివరి వేతనంలో నూటికి 30 పాళ్ళు. సేవవలన మరణిస్తే 60. శత్రువుతో పోరులో మరణిస్తే పూర్తి చివరి వేతనం. వినుటకు సులభమే. అయితే పెండ్లి సంగతి రికార్డు కార్యాలయంలో నమోదై ఉండవలెను. పేరులో అక్షరం తేడా ఉండరాదు. పిల్లల జన్మతేదీలు సరిపోవలెను. ఇంట పిలిచే పేరు ఒకటి, బడిలో వ్రాసిన పేరు మరొకటి అయిన మన పల్లెలలో ఇవి ఎంతటి పరీక్షలో ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. తిరువూరు వంటి కొసనున్న ఊరి వితంతువు డిశ్చార్జి పుస్తకం, పింఛను చెల్లింపు ఉత్తరువు చేతబట్టుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి బస్సెక్కవలసినదే. ఆ రెండు కాగితాలను చెదలు తినకుండ కాపాడిన ఇంటికి సగం పని అయినట్లే. పింఛను లేని సిపాయి 65 ఏండ్లు దాటి నిరుపేదగా ఉంటే పతాకదినపు నిధినుండి నెలసరి సాయం పొందవచ్చును. అదియు ఆ కార్యాలయం ద్వారానే.

పింఛను ప్రభువు దయచేసే ఈనాము కాదనియు, చేసిన సేవకు ఉద్యోగి సంపాదించుకొన్న హక్కు అనియు 1982 డిసెంబరు 17న నకారా వ్యాజ్యంలో సుప్రీముకోర్టు తేల్చినది. వెంకయ్యగారికి హక్కుగా రావలసినది ఏ పుస్తకంలోను లేదు. దయగా వచ్చినదే అంతయు. 2009లో తపాలాబిళ్ళ వచ్చినది. 2021 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాచర్లలో ఉన్న ఆయన కుమార్తెను సత్కరించి 75 లక్షల రూపాయలు ఇచ్చినది. అప్పటికామెకు నూరేండ్లు సమీపించినవి. మరుసటి ఏడు జులైలో ఆమె కన్నుమూసినారు. తండ్రి గుడిసెలో ఉన్న కాలాన నెలకు కొద్దిపాటి మొత్తం నిలకడగా వచ్చియుండినచో ఈ భూరివిరాళం కంటె ఎక్కువ మేలు చేసియుండేది.

1963 జనవరి 15న విజయవాడ పౌరులు మేల్కొన్నారు. ఆ నగరానికి అప్పుడు పార్లమెంటు సభ్యులుగా ఉన్న కానూరి లక్ష్మణరావుగారు మొదలైన ప్రముఖులు పూనుకొని వెంకయ్యగారిని సన్మానించి, పోగుచేసిన ధనాన్ని అందించినారు. ముసలితనంలో ఆయనకు నలుగురిలో జరిగిన గౌరవం అది. ఆరు నెలలు తిరగకమునుపే, జులై 4న, ఆయన తనువు చాలించినారు.

పోవుటకు ముందు తనవారితో ఒక కోరిక చెప్పినారని ప్రతీతి. తన దేహంపై త్రివర్ణపతాకం కప్పవలెను. శ్మశానం చేరిన పిదప దానిని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టవలెను. సైనికుని శవంపై జాతీయపతాకం కప్పుట సైన్యంలోని మర్యాద. ఆ పాతసైనికుడు అడిగి పుచ్చుకొన్నది ఆ ఒక్కటే.